వెన్నులో ఫంగస్: మందు కన్నా ముందు ముక్క కావాలి

వెన్నుపూసలో చేరిన ఫంగస్ చాలాకాలం మామూలు నడుం నొప్పిలాగే ఉంటుంది. ఎక్కువమందికి జ్వరం రాదు. రక్త పరీక్షలో తెల్లకణాలు పెరగకపోవచ్చు. ఒంట్లో వాపుని చూపించే ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షలు కాస్త ఎక్కువ వచ్చినా వయసు మీదికో, పాత వాపు మీదికో నెట్టేస్తారు. పగలు పనిలో పడి మరిచిపోగలిగిన నొప్పి రాత్రి నిద్రలోంచి లేపుతుంది. పడుకున్నా తగ్గదు. వారం వారానికీ పెరుగుతూ పోతుంది. నొప్పి మొదలైన రోజుకీ జబ్బు పేరు తెలిసిన రోజుకీ మధ్య నెలలు గడిచిపోవడం ఇందులో మామూలు విషయం.

ఇది అరుదైన జబ్బే. వెన్నెముకలో వచ్చే ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం బాక్టీరియా వల్ల వచ్చేవి, అందులోనూ స్టెఫైలోకాకస్ ఆరియస్‌దే పెద్ద వాటా. కొన్ని ప్రాంతాల్లో టీబీ ఎక్కువ, కొన్నిచోట్ల పశువుల నుంచి వచ్చే బ్రూసెల్లా. ఫంగస్ వీటన్నిటి తర్వాత వస్తుంది. అరుదు కాబట్టి ఎవరూ దాన్ని వెతకరు. వెతక్కుండానే మందులు మొదలవుతాయి, మారుతాయి, మళ్లీ మారుతాయి.

మందులకు లొంగని ఫంగస్ గురించి చదివినప్పుడల్లా దాని మొండితనం గురించే రాసి ఉంటుంది. ఆ మొండితనం నిజమే, దాని సంగతి కింద చెబుతాను. అయితే వెన్నెముక విషయంలో ఆ మొండితనానికి సగం బలం ఇస్తున్నది మనమే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఫంగస్‌కి ఉన్న మందులు చేతివేళ్లతో లెక్కపెట్టేటన్ని. ఏ జీవి ఉందో తెలుసుకోకుండా ఒక్కో ఊహకి ఒక్కో మందు ఖర్చు చేస్తూ పోతే, అసలు పేరు బయటపడే నాటికి వాడడానికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

నేను డాక్టర్ని కాను. మా అన్నయ్య మంచం పక్కన కూర్చుని, ఒక్కో రిపోర్టులో అర్థం కాని మాటనల్లా అడిగి, చదివి తెలుసుకున్నాను. అన్నయ్యకి కిడ్నీలో రాళ్ల ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ఐసీయూలో పెట్టారు. మెడ దగ్గర పెద్ద సిరలోకి గొట్టం, అదే సెంట్రల్ లైన్, ఒకదాని తర్వాత ఒకటిగా పెద్ద యాంటీబయాటిక్స్. ఆ మధ్యలో రక్తంలో కాండిడా అనే ఫంగస్ కనిపించిందనీ, దానికి ఫ్లూకొనజోల్ అనే మందు ఇచ్చామనీ డిశ్చార్జి కాగితాల్లో ఒకే ఒక్క వాక్యం ఉంది. ఇంటికొచ్చి బాగానే తిరిగాడు. కొన్ని నెలలకి నడుం నొప్పి మొదలైంది. ఎమ్మారైలో రెండు పూసలూ, వాటి మధ్య డిస్కూ దెబ్బతిన్నట్టు కనిపించింది. "టీబీ అయ్యుంటుంది, మందులు మొదలుపెట్టేద్దాం" అన్నారు. పాత కాగితాలు ఎవరూ అడగలేదు. నొప్పి తగ్గకపోగా కాళ్లలో తిమ్మిరి వచ్చింది. చివరికి వేరే చోట బయాప్సీ, అంటే పూసలోంచి ముక్క తీసి పరీక్ష, చేస్తే తేలింది, అది కాండిడా ట్రాపికాలిస్ అనీ, ఫ్లూకొనజోల్‌కి లొంగని రకం అనీ.

ఐసీయూలో రక్తంలో కనిపించిన ఫంగస్‌కీ, నెలల తర్వాత నడుంలో వచ్చిన నొప్పికీ సంబంధం ఏమిటి? పెద్దవాళ్లలో డిస్కుకి నేరుగా రక్తనాళాలు ఉండవు. పూస అంచుల్లోని సన్నటి నాళాల్లో సూక్ష్మజీవి చిక్కుకుని, అక్కడ ఎముకని తింటూ పక్కనున్న డిస్కులోకి పాకుతుంది. మరో దారి సిరలది. వెన్నెముక చుట్టూ అల్లుకున్న సిరల వల గురించి 1940లో ఆస్కార్ బాట్సన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త వివరంగా రాశాడు. ఆ సిరల్లో కవాటాలు ఉండవు. కాబట్టి పొత్తికడుపు నుంచి, మూత్రనాళాల వైపు నుంచి రక్తం వెన్ను వైపుకి కూడా మళ్లగలదు. కాండిడా అలా చేరాక నెమ్మదిగా పెరుగుతుంది. రక్తంలోంచి పోయిందని కల్చర్ (ల్యాబులో సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) రిపోర్టు చెప్పిన చాలా వారాలకి, ఒక్కోసారి నెలలకి, పూసలో బయటపడుతుంది.

అందుకే సెంట్రల్ లైన్ పెట్టించుకున్నవాళ్లు, సిర ద్వారా ఆహారం ఎక్కించుకున్నవాళ్లు, కడుపు ఆపరేషన్లు అయినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లూ కీమోథెరపీ మందులూ వాడుతున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు కొత్తగా వచ్చిన నడుం నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు. ముఖ్యంగా గత ఏడాదిలో ఎప్పుడైనా రక్తంలో కాండిడా కనిపించి ఉంటే, ఆ కాగితం ఎమ్మారై ఫిల్ము కన్నా ముందు డాక్టరు బల్ల మీద ఉండాలి. ఆ ఒక్క వాక్యమే కొన్ని నెలల బాధని తప్పించగలదు.

ఇక మందులు ఎందుకింత తక్కువ ఉన్నాయో చెప్పాలి. బాక్టీరియా కణానికీ మన కణానికీ తేడా చాలా ఎక్కువ, అందుకే మనకి తగలకుండా దాన్ని మాత్రమే చంపే మందులు డజన్ల కొద్దీ దొరికాయి. ఫంగస్ కణం మన కణానికి చాలా దగ్గర. మనకున్నట్టే కేంద్రకం, దాదాపు అదే యంత్రాంగం. దాన్ని చంపబోతే మనకీ దెబ్బ తగులుతుంది. గురిపెట్టడానికి వీలైన తేడాలు కొన్నే. మన కణపొరలో కొలెస్ట్రాల్ ఉన్నచోట దానికి ఎర్గోస్టెరాల్ ఉంటుంది. దాని కణానికి బయట గోడ ఉంటుంది, మనకి ఉండదు. ఒంటి లోపలి ఇన్ఫెక్షన్లకి వాడే మందులు దాదాపు అన్నీ ఈ రెండు తేడాల మీదే నడుస్తున్నాయి. ఆంఫోటెరిసిన్ బి ఎర్గోస్టెరాల్‌ని పట్టుకుని పొరని పాడుచేస్తుంది. అజోల్స్, అంటే ఫ్లూకొనజోల్, వోరికొనజోల్ లాంటివి, ఆ ఎర్గోస్టెరాల్ తయారవకుండా ఆపుతాయి. ఎకైనోకాండిన్లు, అంటే కాస్పోఫంగిన్ లాంటివి, గోడలోని గ్లూకాన్ అనే పదార్థం తయారీని ఆపుతాయి. ఫ్లూసైటోసిన్ అని ఇంకొకటి ఉంది కానీ, ఒంటరిగా ఇస్తే ఫంగస్ త్వరగా అలవాటు పడిపోతుంది కాబట్టి సాధారణంగా మరో మందుకి తోడుగానే ఇస్తారు.

ఆంఫోటెరిసిన్ 1950లలో దొరికింది, వెనెజువెలాలో ఒరినోకో నది దగ్గరి మట్టిలో ఉన్న ఒక సూక్ష్మజీవి నుంచి. ఇప్పటికీ అది కిడ్నీలకి ప్రమాదమే, లైపోసోమ్ (సన్నటి కొవ్వు బుడగలు) రూపంలో కొంత నయం. ఫ్లూకొనజోల్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది 1990లో. కాస్పోఫంగిన్‌కి 2001లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో లెక్క తీస్తే, అంతకు ముందు పదేళ్లలో అమెరికా, యూరప్, చైనాలలో అనుమతి పొందిన కొత్త ఫంగస్ మందులు నాలుగే నాలుగు. అందుకే ఒక మందు పోయిందని వినడం ఇక్కడ చాలా పెద్ద విషయం. పైన చెప్పిన నాలుగు రకాల మందులూ నాలుగు తలుపులైతే, వాటిలో ఒకటి మూసుకుపోయినట్టు.

ఫంగస్ మందుకి లొంగకపోవడం అన్నిచోట్లా ఒకే రకంగా ఉండదు. కొన్ని పుట్టుకతోనే అలా ఉంటాయి. కాండిడా క్రూసీకి ఫ్లూకొనజోల్ పనిచేయదు. ఆస్పర్జిల్లస్ టెరియస్‌కి ఆంఫోటెరిసిన్ పనిచేయదు. లోమెంటోస్పోరా ప్రోలిఫికాన్స్ అనేది దాదాపు ఏ మందుకీ లొంగదు. పేరు తెలియకుండా వైద్యం చేయకూడదనడానికి ఇదొక్కటి చాలు. పేరు తెలిసిన వెంటనే కొన్ని మందులు పక్కన పెట్టేయవచ్చు, రోగి ఆ వారాలు నష్టపోడు.

మరికొన్ని మందు వాడుతుండగా మారతాయి. జన్యువులో చిన్న మార్పు వచ్చి మందు అతుక్కునే చోటు ఆకారం మారిపోతుంది, లేదా లోపలికి వచ్చిన మందుని బయటికి తోసే పంపులు పెరుగుతాయి. కాండిడా ఆరిస్ గురించి చాలామంది వినే ఉంటారు. 2009లో జపాన్‌లో ఒక వృద్ధురాలి చెవిలోంచి తీసిన నమూనాలో మొదటిసారి దాన్ని గుర్తించి వర్ణించారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే వేర్వేరు ఖండాల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేని వంశాలుగా బయటపడింది. అమెరికాలో పరీక్షించిన నమూనాల్లో దాదాపు 90 శాతం ఫ్లూకొనజోల్‌కి, సుమారు 30 శాతం ఆంఫోటెరిసిన్‌కి లొంగలేదని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పింది. ఎకైనోకాండిన్లకి లొంగనివి 5 శాతం లోపే. కానీ ఆ ఒక్క దారి కూడా మూసుకున్న నమూనాలు ఇప్పటికే దొరికాయి. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 ఫంగస్‌లతో ఒక ప్రాధాన్య జాబితా విడుదల చేసింది. అందులో అత్యంత ప్రమాదకరమైన నాలుగింటిలో కాండిడా ఆరిస్‌తో పాటు ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగేటస్, కాండిడా ఆల్బికాన్స్ కూడా ఉన్నాయి. ఆ మూడూ వెన్నెముకలో చేరగలవే.

మూడో రకాన్ని ల్యాబ్ రిపోర్టు చూపించదు. వెన్నులో ముందే స్క్రూలు, రాడ్లు వేసి ఉంటే వాటి మీద ఫంగస్ జిగురు పొరలా పట్టేస్తుంది. ఆ పొర లోపలికి మందు సరిగా చేరదు, చేరినా అక్కడి కణాలు తట్టుకుంటాయి. చీము గూడు కట్టినచోట, చచ్చిపోయిన ఎముక ఉన్నచోట రక్తమే పోదు, ఇక మందెలా పోతుంది? అందుకే రిపోర్టులో సెన్సిటివ్, అంటే మందుకి లొంగుతుంది, అని రాసి ఉన్నా రోగికి నయం కాకపోవచ్చు. ఇలాంటప్పుడు మందు డోసు పెంచుకుంటూ పోవడం కన్నా, సర్జన్ వెళ్లి చీము తీసి, చచ్చిన ఎముకని శుభ్రం చేయడం అవసరం. కాళ్లలో బలం తగ్గుతున్నా, పూస కుంగి వెన్నుపాము మీద ఒత్తిడి పడుతున్నా ఆపరేషన్ ఆలస్యం చేయడానికి వీల్లేదు.

ఇప్పుడు బయాప్సీ సంగతి. నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించిన విషయం ఇక్కడే జరిగింది.

సీటీ స్కాన్‌లో చూస్తూ సూదితో పూసలోంచి, డిస్కులోంచి ముక్క తీస్తారు. తీసిన ముక్క రెండు చోట్లకి వెళ్లాలి. ఒకటి పాథాలజీకి, ఫార్మలిన్‌లో. ఇంకోటి మైక్రోబయాలజీకి, ఫార్మలిన్ తగలకుండా స్టెరైల్ సెలైన్‌లో. ఫార్మలిన్ కణజాలాన్ని పాడవకుండా నిలబెడుతుంది, కానీ అందులో పడిన సూక్ష్మజీవి ఏదైనా చచ్చిపోతుంది. చచ్చినదాన్ని కల్చర్ చేయలేరు, దాని మీద ఏ మందు పనిచేస్తుందో చూడలేరు. అన్నయ్యకి మొదటిసారి తీసిన ముక్క మొత్తం ఫార్మలిన్ సీసాలోకే పోయింది. "దీర్ఘకాలిక వాపు" అని రిపోర్టు వచ్చింది. ఆ రెండు మాటల కోసం వెన్నులో సూది గుచ్చారు. మళ్లీ ఇంకోసారి గుచ్చాల్సి వచ్చింది. ఏ సీసాలో వేయాలో ముందే ఒక్కరు అడిగి ఉంటే రెండోసారి అవసరమే ఉండేది కాదు.

ముక్క సరైన సీసాలో వెళ్లినంత మాత్రాన పని అయిపోదు. ల్యాబ్‌కి పంపే కాగితం మీద ఫంగల్ కల్చర్ అని విడిగా రాయాలి. మామూలు బాక్టీరియా కల్చర్‌ని కొద్ది రోజులు చూసి, ఏమీ పెరగకపోతే ప్లేట్లు పారేస్తారు. ఫంగస్‌లో కొన్ని అంత తొందరగా పెరగవు. ఫంగల్ కల్చర్‌ని సాధారణంగా నాలుగు వారాల వరకూ ఉంచుతారు. పాథాలజీ వాళ్లు కూడా మామూలు రంగుతో పాటు పీఏఎస్, సిల్వర్ స్టెయిన్ లాంటి ప్రత్యేక రంగులు వేసి చూస్తేనే ఫంగస్ తీగలు స్పష్టంగా కనిపిస్తాయి. అడగకపోతే వేయకపోవచ్చు. కాండిడా పెరిగినా "చర్మం మీది నుంచి కలిసి ఉంటుంది" అని కొట్టిపారేసే ప్రమాదం ఇంకోటి. పూస లోపలి నుంచి శుభ్రంగా తీసిన ముక్కలో కాండిడా ఉండడానికి ఏ కారణమూ లేదు. అది పెరిగిందంటే జబ్బు అదేనేమో అని ముందు అనుమానించాలి, ఆ తర్వాతే కలుషితం సంగతి.

పెరిగినదానికి సరైన పేరు పెట్టడం మరో మెట్టు. పాత తరహా గుర్తింపు కిట్లు కాండిడా ఆరిస్‌ని కాండిడా హెములోనీ అని పొరబడిన సందర్భాలు చాలా ఉన్నాయి. మాల్డీ-టాఫ్ అనే యంత్రం ఉన్న ల్యాబ్‌లో, దాని డేటాబేస్ సరిగ్గా ఉంటే ఈ పొరపాటు జరగదు. పేరు తెలిశాక సెన్సిటివిటీ పరీక్ష, అంటే ఎంత తక్కువ మందుతో దాని పెరుగుదల ఆగుతుందో చూడడం. బాక్టీరియాకి ఇది రోజువారీ పని. ఫంగస్‌కి చాలా ల్యాబుల్లో లేనే లేదు, నమూనా బయటికి పంపాలి. పంపమని రోగి బంధువు అడగాల్సి రావడం బాధాకరం. అయినా అడగాలి. రక్తంలో బీటా-డి-గ్లూకాన్ అనే పరీక్ష ఫంగస్ ఉందన్న అనుమానాన్ని బలపరుస్తుంది గానీ, ఏ ఫంగసో, ఏ మందుకి లొంగుతుందో అది చెప్పదు.

సూది బయాప్సీలో చాలాసార్లు ఏమీ తేలదన్నది కూడా నిజం. అప్పుడు చేయాల్సింది మళ్లీ తీయడం, లేదా ఆపరేషన్ ద్వారా పెద్ద ముక్క తీయడం. ఒకసారి ఏమీ రాలేదు కాబట్టి ఇక ఊహించి మందు వేద్దాం అనుకోవడం దగ్గరే చాలా కేసులు దారి తప్పుతాయి.

"ఇదంతా తేలేదాకా రోగిని మందు లేకుండా ఉంచుతామా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కాళ్లు చచ్చుబడుతున్నా, మూత్రం మీద అదుపు పోతున్నా, సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసి, బీపీ పడిపోతున్నా ఒక్క గంట కూడా ఆగకూడదు, రక్తం కల్చర్లకి తీసి వెంటనే మందులు మొదలుపెట్టాలి. అలాంటి లక్షణాలేవీ లేక, రోగి నిలకడగా ఉంటే మాత్రం ఏ సూక్ష్మజీవో తేలేదాకా ఊహ మీద మందులు మొదలుపెట్టకుండా ఆగమని అమెరికాలోని ఇన్ఫెక్షన్ వైద్యుల సంఘం ఐడీఎస్ఏ 2015లో వెన్నుపూస ఇన్ఫెక్షన్ల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. నెలల తరబడి నడుం నొప్పితో తిరిగిన మనిషికి బయాప్సీ కోసం ఇంకొన్ని రోజులు ఆగితే పోయేదేమీ లేదు. ఆగకపోతే పోయేది మాత్రం చాలా ఉంది.

ఎంత ఉందో టీబీ మందుల విషయం చూస్తే తెలుస్తుంది. టీబీకి ఇచ్చే మందుల్లో రిఫాంపిసిన్ ముఖ్యమైనది. అది లివర్‌లో మందుల్ని విరిచే ఎంజైముల్ని విపరీతంగా పెంచుతుంది. రిఫాంపిసిన్ వాడుతుంటే రక్తంలో వోరికొనజోల్ మోతాదు 90 శాతానికి పైగా పడిపోతుంది, అందుకే ఆ రెంటినీ కలిపి ఇవ్వకూడదు. ఫ్లూకొనజోల్ కూడా కొంత తగ్గుతుంది. రిఫాంపిసిన్ ఆపేశాక కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా మిగిలి ఉంటుంది. అంటే టీబీ అని ఊహించి మందులు మొదలుపెట్టి, నయం కాక, "ఫంగస్ కూడా అయ్యుండొచ్చు" అని పక్కనే ఒక అజోల్ చేర్చారనుకోండి. ఆ మాత్ర మింగినా రక్తంలో ఉండదు. నొప్పి తగ్గదు. "ఈ ఫంగస్ మందుకి లొంగడం లేదు" అని రాస్తారు. పైగా సగం సగం మోతాదు మందులో బతకడం ఫంగస్‌కి మంచి శిక్షణ. తట్టుకున్నవే మిగులుతాయి. మొదట నిజంగా లొంగే రకమే ఉన్నా, చివరికి లొంగనిది తయారయ్యే అవకాశం అలా మనమే కల్పిస్తాం. ఎముక టీబీ కూడా చాలా ప్రమాదకరమైన జబ్బే, దానికి మందులు సరిగ్గా, పూర్తిగా వాడాల్సిందే. నేను అంటున్నది టీబీ అని రుజువు చేసుకుని వాడమని. ముక్క చేతిలో ఉన్నప్పుడు దానికి టీబీ పరీక్ష కూడా అదే రోజు చేయవచ్చు.

పేరు తెలిశాక కూడా దారి చాలా పొడవు. వెన్నుపూస కాండిడాకి ఐడీఎస్ఏ 2016 మార్గదర్శకాల ప్రకారం ఫ్లూకొనజోల్ 6 నుంచి 12 నెలలు, లేదా కనీసం రెండు వారాలు ఎకైనోకాండిన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఆ తర్వాత ఫ్లూకొనజోల్ 6 నుంచి 12 నెలలు. ఆస్పర్జిల్లస్ అయితే వోరికొనజోల్, కనీసం 8 వారాలు, చాలామందికి ఆరు నెలలు దాటుతుంది. ఈ లెక్కంతా మాత్ర పనిచేస్తుందన్న నమ్మకం మీద వేసినది. ఫ్లూకొనజోల్ పనిచేయని కాండిడాకి మిగతా అజోల్స్ కూడా చాలాసార్లు పనిచేయవు. ఎకైనోకాండిన్లలో ఈ జబ్బుకి వాడే మాత్ర లేదు. కాబట్టి నెలల తరబడి రోజూ సిరలోకి ఇంజెక్షన్. దానికోసం మళ్లీ లైన్ పెట్టాలి, ఆ లైనే మళ్లీ ఇన్ఫెక్షన్‌కి దారి కావచ్చు. మందుకి లొంగకపోవడం అంటే రోగి జీవితంలో ఇదీ. అన్నయ్య ఆ నెలల్లో నొప్పి గురించి కన్నా ఆ సూది టైము గురించే ఎక్కువ టెన్షన్ పడేవాడు. దాని చుట్టూనే రోజు మొత్తం తిరిగేది. వారానికి ఒకసారి ఇస్తే సరిపోయే రెజాఫంగిన్ అనే ఎకైనోకాండిన్‌కి 2023లో అనుమతి వచ్చింది. ఆశ పుట్టించే మందే. కానీ ఎముక ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో దాన్ని పరీక్షించలేదని ఆ మందుతో వచ్చే కాగితంలోనే రాసి ఉంది. అరుదైన చోట వచ్చే జబ్బుకి ట్రయల్స్ చేసేవాళ్లు తక్కువ.

వోరికొనజోల్ వాడేవాళ్ల కష్టం ఇంకో రకం. దాన్ని ఒకరి లివర్ త్వరగా విరిచేస్తుంది, ఇంకొకరిది నెమ్మదిగా. అది పుట్టుకతో వచ్చిన తేడా. ఒకే మోతాదు ఒకరికి చాలదు, మరొకరికి విషమవుతుంది. అందుకే రక్తంలో ఎంత ఉందో కొలిచి డోసు సరిచేయాలి. కొలవకుండా "పనిచేయడం లేదు" అనడానికి వీల్లేదు. ఎండ తగిలితే చర్మం మాడడం, చూపులో మెరుపులు, లివర్ పరీక్షల్లో తేడాలు దీనితో మామూలే. చాలాకాలం వాడితే, అందులో ఉన్న ఫ్లోరిన్ వల్ల ఒంట్లో ఫ్లోరైడ్ పెరిగి ఎముకల పై పొర వాచి నొప్పులు రావచ్చు. ఎముక జబ్బుకి మందు వాడుతున్న మనిషికి మందు వల్లే ఎముక నొప్పి! తెలియకపోతే జబ్బు ముదిరిందనుకుని మందు ఇంకా పెంచుతారు.

వెతికితే ఎంత తేడా వస్తుందో 2012లో అమెరికాలో జరిగిన ఘోరం చూపించింది. మసాచుసెట్స్‌లోని న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ తయారుచేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లలో ఫంగస్ కలిసింది. నడుం నొప్పికి వెన్ను దగ్గర ఇచ్చే ఇంజెక్షన్లవి. సుమారు 14 వేల మందికి అవి అందాయి. 20 రాష్ట్రాల్లో 753 మంది జబ్బు పడ్డారని, వాళ్లలో 64 మంది చనిపోయారని సీడీసీ లెక్కగట్టింది. ఎక్కువమందిలో దొరికినది ఎక్సెరోహిలమ్ రోస్ట్రాటమ్. మొక్కల మీదా మట్టిలోనూ ఉండే ఈ ఫంగస్ మనుషులకి సోకడం అంతకు ముందు చాలా అరుదు. మొదట అందరూ మెదడు పొరల వాపు గురించే చూశారు. తర్వాత మిషిగన్‌లో, ఆ ఇంజెక్షన్ తీసుకుని కొత్త లక్షణాలు పెద్దగా లేనివాళ్లని పిలిచి ఎమ్మారై చేస్తే, 172 మందిలో 36 మందికి ఇంజెక్షన్ ఇచ్చినచోట తేడాలు కనిపించాయి. వాళ్లలో చాలామందికి అది ఇన్ఫెక్షన్ అనే తేలి, వైద్యం అందింది. పాత నడుం నొప్పి ముసుగులో ఫంగస్ ఎంత నిశ్శబ్దంగా పెరుగుతుందో ఇంతకన్నా స్పష్టంగా చూపించిన సందర్భం నాకు తెలియదు. ఆ వైద్యులకి ఒక మేలు జరిగింది, దేని కోసం వెతకాలో వాళ్లకి ముందే తెలుసు. ఆ మేలు మామూలు రోగికి దక్కాలంటే ఎవరో ఒకరు పాత కాగితాలు తిరగేయాలి, ముక్క అడగాలి.

ఆస్పత్రిలో ఎంత జాగ్రత్తపడినా మందు ఆస్పత్రి బయటే పాడైపోతుంటే? ఆస్పర్జిల్లస్ విషయంలో అదే జరుగుతోంది. నెదర్లాండ్స్‌లో జీవితంలో ఒక్కసారి కూడా అజోల్ మాత్ర వాడని రోగుల్లో అజోల్స్‌కి లొంగని ఆస్పర్జిల్లస్ దొరికింది. చాలావాటిలో ఒకే రకం జన్యు మార్పు ఉంది. పంటలకి బూజు పట్టకుండా చల్లే టెబుకొనజోల్, ప్రోపికొనజోల్, డైఫెనోకొనజోల్ లాంటివి కూడా అజోల్సే. అవి అతుక్కునే చోటూ మన మందు అతుక్కునే చోటూ ఒకటే. కుళ్లుతున్న మొక్కల చెత్త కుప్పల్లో, ఆ మందుల అవశేషాల మధ్య ఆస్పర్జిల్లస్ పెరుగుతుంది, తట్టుకోవడం నేర్చుకుంటుంది, గాలిలో ఎగిరి మనిషి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అక్కడి నుంచి వెన్నుకి. యూరప్‌లోని ఐదు నియంత్రణ సంస్థలు కలిసి 2025 జనవరిలో ఇచ్చిన నివేదిక ఈ సంబంధాన్ని ఒప్పుకుంది. మనుషుల వైద్యం బయట అక్కడ వాడే అజోల్స్‌లో 99 శాతానికి పైగా పంటల మీదే పోతున్నాయని కూడా చెప్పింది.

రైతుకి ఈ మందులు అనవసరం అని నేను అనను. పంట బూజు పట్టి పోతే జరిగే నష్టం చిన్నది కాదు. కానీ అనుమతులు ఇచ్చేవాళ్లు ఇప్పుడు చేస్తున్నది నాకు మింగుడు పడడం లేదు. ఓలోరోఫిమ్ అనే కొత్త మందు అజోల్స్‌కి లొంగని ఆస్పర్జిల్లస్ మీద, లోమెంటోస్పోరా మీద కూడా పనిచేస్తుందని ట్రయల్స్‌లో ఆశ పుట్టించింది. అది ఇంకా ఆస్పత్రికి చేరకముందే, ఆ మందు అడ్డుకునే ఎంజైము మీదే పనిచేసే ఇప్‌ఫ్లుఫెనోక్విన్ అనే పంట మందుకి 2022లో అమెరికాలో అనుమతి ఇచ్చేశారు. ఫోస్మానోజెపిక్స్ అనే ఇంకో కొత్త మందు ట్రయల్స్ చివరి దశలో ఉంది. దాని గురినే పంచుకునే అమినోపైరిఫెన్ కూడా పొలాల కోసం తయారైంది. అజోల్స్‌తో జరిగినదే మళ్లీ, ఈసారి రోగికి మందు అందకముందే, జరగబోతోంది. పంట మందుకి అనుమతి ఇచ్చే బల్ల దగ్గర ఫంగస్ వైద్యం తెలిసిన ఒక డాక్టరు కూర్చోవాలి. ట్రయల్స్‌లో ఉన్న మందు గురీ ఈ పంట మందు గురీ ఒకటేనా అని లిఖితపూర్వకంగా అడగాలి, జవాబు ఫైలులో ఉండాలి. ఒకటే అయితే, ఆ మందు రోగుల దాకా వచ్చి దాని నిరోధకతని కొలిచే ఏర్పాటు మొదలయ్యేంత వరకూ పంట మందు ఆగాలి.